రికార్డింగ్ స్టూడియోలో చేత్తో పని చేస్తూ సౌండ్ ఇంజినీరింగ్ నేర్చుకోవడం ఎలా: కేబుల్ చుట్టడం నుంచి రఫ్ మిక్స్ దాకా

"ఏ ప్లగిన్ కొనాలి?", "మిక్సింగ్ ఎన్నాళ్లలో వస్తుంది?" అని చాలామంది అడుగుతుంటారు. శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ ముక్క ప్లగిన్, ట్రాకులన్నీ కలిపి సర్దే పని మిక్సింగ్; ఈ రెండు ప్రశ్నలూ తర్వాత చూసుకోవచ్చు. పాట పాడైపోయే చోట్లలో ఎక్కువ భాగం కంప్యూటర్‌లోకి చేరకముందే ఉంటాయి: గదిలో, మైకు ముందు, కేబుల్‌లో, గెయిన్ నాబ్ (మైకు సిగ్నల్‌ను పెంచే మీట) దగ్గర. అందుకే ఈ మార్గదర్శి గాయకుడి నోటి దగ్గర మొదలై మిక్స్ వైపు నడుస్తుంది. ఆ వరసలోనే నేర్చుకోండి.

ఇక్కడి లెక్కలన్నీ చిన్న, మధ్యతరహా స్టూడియోకి సరిపోయేవి. హైదరాబాద్ కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు ఉండే డబ్బింగ్, పాటల స్టూడియోలైనా, జిల్లాల్లో జానపద పాటలు రికార్డు చేసే ఒంటిగది స్టూడియోలైనా పని క్రమం ఇదే.

1. చేరేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మొదట్లో మీకు దొరికేది అసిస్టెంట్ పని. స్టాండ్లు వేయడం, కేబుళ్లు లాగడం, టేక్ షీట్ (ఏ టేక్, అంటే ఏ విడత రికార్డింగ్, ఎలా ఉందో రాసే కాగితం) రాయడం మీ వంతు. అవకాశం ఉంటే పాటల స్టూడియోకన్నా ముందు డబ్బింగ్ థియేటర్‌లో రెండు మూడు నెలలు చేయండి. ఒకే మైకు, ఒకే గది, రోజుకు నాలుగైదు రకాల గొంతులు. చెవికి అంతకన్నా మంచి సాధన దొరకదు.

వెంట ఉంచుకోవాల్సినవి:

- చెవులను పూర్తిగా కప్పే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్. ఎప్పుడూ అదొక్కటే వాడండి. దాని స్వభావం చెవికి అలవాటైతేనే తేడాలు పట్టగలరు.
- నోట్‌బుక్, పెన్సిల్. మొబైల్‌లో రాసుకోవద్దు, బూత్‌లోకి మొబైల్ తీసుకెళ్లడమే తప్పు.
- చిన్న టార్చ్, కొలత టేపు, పేపర్ టేపు, మార్కర్.
- మల్టీమీటర్. కంటిన్యుటీ చూసినప్పుడు బీప్ కొట్టేది ఏదైనా చాలు.

2. మొదటి రెండు వారాలు: సిగ్నల్ దారి

స్టూడియోలో ఖాళీ దొరికిన మొదటి గంటలో ఒక కాగితం తీసుకుని సిగ్నల్ నడిచే దారి గీయండి. మైకు, కేబుల్, గోడ మీది ప్యానెల్, ప్యాచ్ బే (లైన్లు ఎటు పోవాలో కలిపే పలక), ప్రీ యాంప్ (మైకు సన్నటి సిగ్నల్‌ను పెంచే పెట్టె), కన్వర్టర్ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చేది), కంప్యూటర్. అక్కడి నుంచి తిరుగు దారి: కన్వర్టర్, మానిటర్ కంట్రోలర్, స్పీకర్లు. హెడ్‌ఫోన్ యాంప్‌కి వెళ్లే పాయను విడిగా గీయండి. ప్రతి పెట్టె పక్కనా రెండు విషయాలు రాయండి: లెవెల్ మార్చే నాబ్ ఎక్కడుంది, మ్యూట్ ఎక్కడుంది.

తర్వాత ఎవరినైనా ఒక తప్పు పెట్టమనండి. కేబుల్ ఊడదీయడం, ఫాంటమ్ (మైకుకు కేబుల్‌లోనే వెళ్లే కరెంటు) ఆపడం, తప్పు ఇన్‌పుట్ ఎంచుకోవడం, ఏదైనా సరే. దాన్ని రెండు నిమిషాల్లో మీరు పట్టుకోవాలి. మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోకండి. దారిని సగానికి విడగొట్టండి: ప్రీ యాంప్ మీటర్ కదులుతోందా? కదిలితే తప్పు అక్కడి నుంచి కంప్యూటర్ వైపు ఉంది, కదలకపోతే మైకు వైపు ఉంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగైదు అడుగుల్లో తప్పు చేతికి చిక్కుతుంది.

గాయని బూత్‌లో నిలబడి ఉండగా "సౌండ్ రావట్లేదు" అని కంగారుగా అన్ని కేబుళ్లూ పీకేవాడికి రెండో సెషన్ అప్పగించరు.

3. కేబుల్

మైకు కేబుల్ ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్‌లో మూడు పిన్నులుంటాయి. 1 గ్రౌండ్, 2 హాట్, 3 కోల్డ్. ఒకే సిగ్నల్ 2, 3 పిన్నుల మధ్య ఎదురెదురు ధ్రువాల్లో నడుస్తుంది. దారిలో అంటుకున్న రొద రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ప్రీ యాంప్ దగ్గర ఒకదాంట్లోంచి మరొకటి తీసేయగానే రొద పోయి సిగ్నల్ మిగులుతుంది. 2, 3 పిన్నులు తారుమారుగా సోల్డర్ చేసిన కేబుల్ ఒంటరిగా బాగానే పనిచేస్తుంది. రెండో మైకుతో కలిపినప్పుడే బేస్ మాయమవుతుంది. అనుమానం ఉన్న ప్రతి కేబుల్‌నీ మల్టీమీటర్‌తో పిన్నుకు పిన్ను చూడండి.

చుట్టేటప్పుడు మోచేతికి తాడులా చుట్టొద్దు. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు లోపలికి తిప్పి వేయాలి. అలా చుట్టిన 10 మీటర్ల కేబుల్ ఒక కొస పట్టుకుని విసిరితే మెలిక లేకుండా పరుచుకుంటుంది. మోచేతికి చుట్టిన కేబుల్ లోపల తీగ మెలిపడి, కొన్నాళ్లకు కనెక్టర్ మొదట్లో తెగుతుంది. ఒక రోజు మొత్తం ఇదే సాధన చేయండి, సిగ్గేమీ లేదు.

4. సెషన్‌కు ముందు గంట

గాయకులు పది గంటలకు వస్తారంటే మీ పని తొమ్మిదికి మొదలవుతుంది. క్రమం ఇలా:

- 9:00 యూపీఎస్, ఏసీ ఆన్. గది చల్లబడాలి, టేక్ సమయంలో అవసరమైతే ఏసీ ఆపేయాలి.
- 9:05 కంప్యూటర్, కన్వర్టర్, ప్రీ యాంప్, ఆఖరున స్పీకర్లు. ఆపేటప్పుడు స్పీకర్లే ముందు. ఈ వరస తప్పితే ఢప్పుమన్న శబ్దంతో స్పీకర్ కోన్ దెబ్బతినొచ్చు.
- 9:15 కొత్త సెషన్ ఫైల్. సినిమాకైనా, వీడియోకైనా శాంపిల్ రేట్ (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో) 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. టెంపో, శ్రుతి ఫైల్ పేరులోనే ఉండాలి.
- 9:20 బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడత పట్టి ఉంచే ధ్వని ముక్క) 128 శాంపిల్స్. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 2.7 మిల్లీసెకన్లు. వెళ్లి రావడం, కన్వర్టర్ ఆలస్యం కలిపినా గాయకుడికి ఇబ్బంది ఉండదు. నిన్న మిక్స్ కోసం 1024 పెట్టి మర్చిపోతే ఒక్క వైపే 21 మిల్లీసెకన్లు. "నా గొంతు నాకు వెనకాల వినపడుతోంది" అంటారు.
- 9:30 మైకు స్టాండ్, పాప్ ఫిల్టర్, సాహిత్యం పెట్టే స్టాండ్. స్టాండ్ రేకుదైతే మీద గుడ్డ పరచండి, లేకపోతే గొంతు దానికి తగిలి మైకులోకి తిరిగొస్తుంది.
- 9:40 హెడ్‌ఫోన్ పెట్టుకుని బూత్‌లో మీరే నిలబడి రెండు లైన్లు పాడండి. టాక్‌బ్యాక్ (ఇంజినీర్ బూత్‌లోకి మాట్లాడే లైన్) వినపడుతోందా చూడండి.
- 9:50 పది సెకన్ల టెస్ట్ రికార్డింగ్. ఫైల్ ఏ డ్రైవ్‌లో పడిందో కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

శాంపిల్ రేట్ గురించి ఒక మాట. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ట్రాక్‌ను మార్చకుండా 48 సెషన్‌లో పడేస్తే పాట దాదాపు 8.8 శాతం వేగంగా, ఒకటిన్నర స్వరస్థానం పైకి వెళ్లి వినిపిస్తుంది. ఇంకా దురదృష్టం ఏమిటంటే, కొందరు గాయకులు ఆ ఎత్తులోనే పాడేసి వెళ్లిపోతారు. ట్రాక్ పెట్టగానే శ్రుతి పెట్టెతోనో, కీబోర్డుతోనో ఆధార షడ్జమాన్ని సరిచూడండి.

ఫాంటమ్ పవర్

కండెన్సర్ మైకుకు 48 వోల్ట్‌ల ఫాంటమ్ కావాలి. ముందు కేబుల్ పెట్టాలి, గెయిన్ సున్నాలో, స్పీకర్ మ్యూట్‌లో ఉండాలి, అప్పుడు 48 వోల్ట్ నొక్కాలి, పది సెకన్లు ఆగి గెయిన్ పెంచాలి. తీసేటప్పుడు తిరగేసిన క్రమం, ఆపాక అర నిమిషం ఆగి కేబుల్ తీయాలి. రిబ్బన్ మైకు ఉన్న లైన్‌లో ఫాంటమ్ జోలికి పోవద్దు. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా ప్యాచ్ బేలో మైకు లైన్ మార్చొద్దు.

5. గెయిన్: ఇక్కడ నిదానించండి

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మీటర్ నిండుగా కనపడితేనే మంచి రికార్డింగ్ అనుకుంటారు. టేప్ రోజుల్లో దానికి అర్థం ఉండేది; టేప్ బుసను దాటి పాట నిలబడాలి కాబట్టి లెవెల్ పైకి తోసేవారు. 24 బిట్‌లో ఆ అవసరం లేదు. మీ గది రొద, ప్రీ యాంప్ రొద కన్వర్టర్ అడుగు రొదకన్నా చాలా పైన ఉంటాయి. కింద బోలెడు చోటుంది. పైన సున్నా దాటితే మాత్రం అల అంచు కత్తిరించుకుపోతుంది, దాన్ని ఏ ప్లగిన్ నిజంగా తిరిగి తేలేదు.

లక్ష్యం: సున్నా పైఅంచుగా ఉండే సాఫ్ట్‌వేర్ మీటర్ మీద సగటు -18 డెసిబెల్స్ చుట్టూ, గరిష్ఠ శిఖరాలు -12 నుంచి -10 మధ్య.

పెట్టే పద్ధతి:

1. పల్లవి పాడించొద్దు. చరణంలో అన్నిటికన్నా పైస్థాయి ఉన్న లైన్ పాడమనండి.
2. "టెస్ట్" అంటే అందరూ కాస్త తగ్గించి పాడతారు. టేక్‌లో ఊపు వస్తే మూడు నుంచి ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ మేరకు ముందే తగ్గించి పెట్టండి.
3. ప్రీ యాంప్ గెయిన్ అన్నిటికన్నా కిందికి వచ్చినా ఎర్రలైటు వెలుగుతుంటే మైకు మీది ప్యాడ్ (సిగ్నల్‌ను తగ్గించే స్విచ్) వేయండి.
4. నాబ్ ఎక్కడుందో పేపర్ టేపు మీద గీత గీసి, నోట్‌బుక్‌లో అంకె రాయండి. రెండు వారాల తర్వాత ఒక్క లైన్ మార్చడానికి అదే గాయని వచ్చినప్పుడు ఆ గీత విలువ తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లోని ఫేడర్ గెయిన్ కాదని గుర్తుంచుకోండి. అది వినే లెవెల్ మాత్రమే. ప్రీ యాంప్‌లో పగిలిన శబ్దాన్ని ఫేడర్ దించి వింటే, అదే పగులు చిన్నగా వినపడుతుంది. ప్రీ యాంప్ ఎర్రబడి సాఫ్ట్‌వేర్ మీటర్ పచ్చగానే ఉంటే, మధ్యలో ఎక్కడో అవుట్‌పుట్ నాబ్ తగ్గించి ఉందని అర్థం.

సాధన: ఒకే లైన్‌ను మూడు గెయిన్‌లలో రికార్డు చేయండి. శిఖరాలు -30, -12, సున్నా దాటినవి. మూడింటినీ ఒకే లెవెల్‌కు తెచ్చి హెడ్‌ఫోన్‌లో వినండి. మొదటి రెంటికీ తేడా పట్టడం కష్టం, మూడోది వెంటనే దొరికిపోతుంది. మీటర్ భయం ఈ ఒక్క పనితో పోతుంది.

6. గొంతు రికార్డింగ్

మైకు నుంచి నోటికి జానెడు దూరం. పాప్ ఫిల్టర్ మైకుకు బెత్తెడు ముందు. ఇది మొదలుపెట్టే చోటు. అక్కడి నుంచి చెవిని బట్టి జరపండి. దగ్గరికి వస్తే కార్డియాయిడ్ మైకులో (ఎదుటి వైపు ధ్వనినే ఎక్కువగా పట్టేది) బేస్ ఉబ్బుతుంది. జోలపాటకు అది అందం, హుషారు పాటకు బరువు. దూరం జరిగితే గది వినపడుతుంది, అందుకే గది బాగాలేకపోతే దగ్గరే మేలు.

మైకును నోటికి ఎదురుగా కాక ముక్కు ఎత్తులో పెట్టి కొద్దిగా కిందికి వంచండి. నోటి గాలి దాని కిందుగా పోతుంది.

తెలుగు గొంతుకు రెండు పరీక్ష వాక్యాలు. గాలి దెబ్బకు: "భలే భలే బంతిపూల పందిరి." ఈల శబ్దానికి: "శేషు సంచీలో చేసిన సున్నుండలు." మొదటిదాంట్లో ప, బ, భ దగ్గర స్పీకర్ కోన్ ఊగితే మైకును పక్కకు 20 డిగ్రీలు తిప్పండి. రెండోదాంట్లో స, శ, చ చెవిలో గుచ్చుకుంటే మైకు మార్చండి, లేదా ఇంకాస్త పైకెత్తండి. ఈ గుచ్చుకునే భాగం చాలా గొంతుల్లో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. డీ-ఎస్సర్ (ఈల శబ్దాన్ని తగ్గించే ప్లగిన్) ఉందిగా అనుకోకండి. దాన్ని గట్టిగా నడిపితే గాయకుడికి నత్తి వచ్చినట్టుంటుంది.

హెడ్‌ఫోన్ మిక్స్. శ్రుతి తేలిపోతోందంటే గాయకుడిని అనుమానించే ముందు హెడ్‌ఫోన్ చూడండి. ట్రాక్ ఎక్కువై గొంతు తక్కువైతే గట్టిగా పాడి శ్రుతి ఎక్కుతారు. గొంతు మరీ ఎక్కువైతే మెత్తబడి దిగుతారు. తంబూరా ధ్వని, ఒక కార్డ్ వాద్యం స్పష్టంగా వినపడాలి, రివర్బ్ కొంచెమే. చాలామంది ఒక చెవి తీసి పాడతారు. అప్పుడు తెరిచిన చెవి వైపు హెడ్‌ఫోన్ కప్పులోంచి క్లిక్ (లయ నిలపడానికి వేసే టిక్ టిక్) నేరుగా మైకులోకి పోతుంది. ఆ వైపు పంపకాన్ని మ్యూట్ చేయండి. పాట చివర మౌనంగా మిగిలే చోట క్లిక్‌ను ఆటోమేషన్‌తో ఆపేయండి, లేకపోతే ఫేడ్‌లో టిక్ టిక్ మిగిలిపోతుంది.

పంచ్ ఇన్ ఎక్కడ చేయాలి?

పంచ్ ఇన్ అంటే తప్పిన చోటు మాత్రమే మళ్లీ పాడించి అతికించడం. ఇది తెలుగుకు ప్రత్యేకంగా నేర్చుకోవాలి. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. పాటలో ఆ అచ్చు సాగుతుంది, గమకం దాని మీదే ఉంటుంది. సాగుతున్న అచ్చు మధ్యలో కోస్తే అతుకు తెలుస్తుంది. తర్వాతి మాట మొదలయ్యే హల్లు దగ్గర కోయండి. ఇంకా మంచి చోటు క్క, ట్ట, త్త, ప్ప లాంటి ద్విత్వాలు. "చుక్క" అన్నప్పుడు క్క ముందు నోట్లో గాలి దారి పూర్తిగా మూసుకుని క్షణం నిశ్శబ్దం ఉంటుంది. వేవ్‌ఫారమ్‌లో ఆ ఖాళీ కంటికి కనపడుతుంది. అక్కడ 5 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ మరొకటి పెరిగే అతుకు) వేస్తే అతికినచోటు మీకే దొరకదు.

పాడించేటప్పుడు మాత్రం మార్చాల్సిన మాటకు ఒక లైన్ ముందు నుంచి వదలండి. ఒక్క మాటే పాడిస్తే ఊపిరి, భావం రెండూ కలవవు. శ్వాసలను కత్తిరించే అలవాటు చేసుకోకండి. శ్వాస తీసేసిన గొంతు బొమ్మ పాడినట్టు ఉంటుంది.

7. మృదంగం

లైవ్ తాళవాద్యాల్లో మొదట దీని మీద చేయి తిప్పండి. ఒక వాద్యంలోనే సన్నటి నాదం, లావు నాదం రెండూ ఉన్నాయి, రెండు మైకులతో వచ్చే చిక్కులన్నీ ఇక్కడే అర్థమవుతాయి.

వాద్యకారుడు రాగానే వాద్యాన్ని గదిలో అరగంట ఉండనివ్వండి. ఏసీ చలికి, పొడికి తోలు మారుతుంది. ఎడమ ముఖానికి అద్దిన రవ్వ ముద్ద ఆరే కొద్దీ బేస్ పలచబడుతుంది. అరగంటకోసారి "ముద్ద చూసుకుంటారా అండీ?" అని అడగండి. మొదటి టేక్‌లో ఉన్న తొప్పి (ఎడమ ముఖం) శబ్దం ఆరో టేక్‌లో లేదంటే కారణం మైకు కాదు, అదే.

కూర్చునే చోటు బోలు చెక్క వేదిక కాకూడదు, నేల మీద దళసరి జంపఖానా వేయండి. కుడి ముఖాన్ని రాయి, పుల్లతో శ్రుతి చేసుకోవడం పూర్తయ్యాకే మైకులు దగ్గరికి తేండి.

- కుడివైపు: చిన్న డయాఫ్రమ్ కండెన్సర్, 25 సెంటీమీటర్లు, ముఖానికి సూటిగా కాక అంచు వైపు నుంచి ఏటవాలుగా.
- ఎడమవైపు: పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ లేదా మంచి డైనమిక్, 20 నుంచి 25 సెంటీమీటర్లు. చేయి గాలి నేరుగా తగిలే దారిలో పెట్టొద్దు.
- శ్రుతి పెట్టె గదిలో మోగకూడదు, హెడ్‌ఫోన్‌లోకే పంపండి.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండు మైకులనూ మోనోలో కలిపి, ఎడమ మైకు పోలారిటీ బటన్‌ను (అలను తలకిందులు చేసేది) నొక్కుతూ తీస్తూ వినండి. ఏ స్థితిలో బేస్ నిండుగా ఉందో అదే ఉంచండి. రెండింటిలోనూ పలచగానే ఉంటే దూరం సమస్య. ధ్వని ఒక మిల్లీసెకన్‌లో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. మైకును నాలుగు వేళ్ల మేర జరిపినా తేడా వినపడుతుంది. స్క్రీన్ మీద వేవ్‌ఫారమ్‌లను జరిపి సరిచేయడం తేలిక, కానీ నేర్చుకునే రోజుల్లో లేచి వెళ్లి మైకునే జరపండి.

8. టేక్ షీట్, ఫైళ్లు

ప్రతి టేక్‌కూ ఒక వరస: టేక్ సంఖ్య, ఏ లైన్ బాగుంది, ఏ మాట తప్పింది, ఎవరు "ఓకే" అన్నారు. "3 - చరణం 2 మొదటి లైన్ సూపర్, 'వెన్నెల' న పోయింది" అని రాస్తే చాలు. టేక్ చెరిపేయొద్దు. సంగీత దర్శకులు సాయంత్రం వచ్చి అడిగేది మీరు చెరిపేసిన టేకే.

సెషన్ ముగిశాక:

- తేదీని సంవత్సరం ముందుగా రాసి ఫైల్ పేరు పెట్టారా? అప్పుడు వరసగా సర్దుకుంటాయి.
- ఆడియో ఫైళ్లన్నీ సెషన్ ఫోల్డర్‌లోనే ఉన్నాయా?
- మూడు ప్రతులు, రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి స్టూడియో బయట ఉన్నాయా?
- బయటికిచ్చే స్టెమ్స్ (గొంతు, తాళం లాంటి విడివిడి ఫైళ్లు) అన్నీ సున్నా బిందువు నుంచే మొదలయ్యాయా?
- కాపీ అయిన ఫైల్‌ను తెరిచి విన్నారా?

9. రఫ్ మిక్స్

రెండు స్పీకర్లు, మీ తల కలిసి సమబాహు త్రిభుజం కావాలి. వినే లెవెల్ 75 నుంచి 80 డెసిబెల్స్ దగ్గర ఒకసారి పెట్టి నాబ్‌కు గీత గీయండి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు మించకూడదని, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని వృత్తి ఆరోగ్య ప్రమాణం. చెవి పోతే మార్చుకోవడానికి దుకాణం లేదు.

మొదటి నెల ఫేడర్లు, ప్యాన్ (ధ్వనిని ఎడమకో కుడికో జరిపేది) తప్ప ఏదీ ముట్టుకోకండి. ఇరవై నిమిషాల్లో ముగించండి. తర్వాతి నెల గొంతు మీద 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకన్నా కింది ధ్వనిని కోసేది), ఆ తర్వాత కంప్రెసర్ (గట్టి చోట్లను అణిచేది). ఒక పరీక్ష: పాటను ఎప్పుడూ విననివారికి మొబైల్ స్పీకర్‌లో వినిపించి సాహిత్యం రాయమనండి. రెండు మాటలు తప్పు రాస్తే గొంతు లెవెల్ తక్కువ ఉంది.

10. తరచు వచ్చే తప్పులు, విరుగుళ్లు

హమ్: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 దగ్గర గుయ్యిమంటుంది. పరికరాలు వేర్వేరు గోడ ప్లగ్గుల్లో ఉంటే గ్రౌండ్ లూప్ పడుతుంది. అన్నీ ఒకే బోర్డుకు తేండి. గిటార్, కీబోర్డుకు డీఐ పెట్టె (వాద్యం సిగ్నల్‌ను మైకు లైన్‌కు సరిపడేలా మార్చేది) మీది గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ విరగ్గొట్టొద్దు, హమ్ పోయినా మనిషికి షాక్ కొట్టొచ్చు.

జరజర: లైట్ డిమ్మర్, మొబైల్. డిమ్మర్ లైట్లు ఆపండి.

టక్, టిక్: బఫర్ మరీ తక్కువ, లేదా డిజిటల్ క్లాక్ (శాంపిల్స్ వేగాన్ని నడిపే గడియారం) కలవలేదు. రెండు కన్వర్టర్లుంటే ఒకటే మాస్టర్ కావాలి.

డబ్బాలో పాడినట్టుంది: బూత్ గోడలు దగ్గరగా ఉన్నాయి. గాయకుడి వెనక, మైకు ఎదుట దళసరి దుప్పటి లేదా రజాయి వేలాడదీయండి. పల్చని ఫోమ్ పై ధ్వనులనే మింగుతుంది, అడుగు అలాగే ఉంటుంది.

కోస్తాలో, వానాకాలంలో మైకు చిటపటలాడితే తేమ. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, వాటి రంగు మారితే మార్చండి.

సెషన్ మీ చేతికి ఇవ్వమని అడిగే ముందు ఈ నాలుగూ ఎవరి సాయమూ లేకుండా జరగాలి: గంటలో స్టూడియో సిద్ధం చేయడం, సౌండ్ రాకపోతే రెండు నిమిషాల్లో తప్పు పట్టడం, ఒక పాట గొంతు మొత్తం ఎర్రలైటు వెలగకుండా తీయడం, మర్నాడు ఇంకెవరైనా మీ టేక్ షీట్ చూసి మిమ్మల్ని ఫోన్‌లో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఎడిట్ చేయగలగడం.